త్వరితాంధ్రంలో లేని మాట

రాష్ట్రం మొత్తం మీద త్వరితాంధ్ర భాషకు అధికారిక అనువాదకుణ్ణి నేనొక్కణ్ణే. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. నా నియామకపు ఉత్తర్వులో ఈ సంగతిని ఎవరూ లోపంగా రాయలేదు. పైగా "నిష్పాక్షికత దృష్ట్యా ఇది వాంఛనీయము" అని రాశారు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ప్రభుత్వం నా గురించి రాసిన మంచి మాట అదొక్కటే కాబట్టి ఆ కాగితానికి లామినేషన్ చేయించి ఇంట్లో దాచుకున్నాను.

నా పేరు సన్యాసిరావు. జిల్లా వినతుల పరిష్కార కార్యాలయంలో సూపరింటెండెంటును. జనం ఆన్‌లైన్‌లో పెట్టుకున్న అర్జీలన్నీ మా దగ్గరికి వస్తాయి. వాటిని చదివి, ఏ శాఖదైతే ఆ శాఖకు పంపుతాం. ఆ శాఖ వాళ్ళు తిప్పి మాకు పంపితే మళ్ళీ వాళ్ళకే పంపుతాం. ఒక్కొక్క గుమాస్తా రోజుకు పన్నెండు అర్జీలు చూస్తాడు. పదమూడోది కూడా చూసేస్తే రేపటికి పనేం మిగులుతుందని మాకొక మర్యాద ఉండేది.

ఇందుమతి వచ్చాక ఆ మర్యాద చెడింది.

సీపాన ఇందుమతి మా దగ్గర జూనియర్ అసిస్టెంటు. పుట్టుకతోనే చూపు లేదు. ఇక్కడికి రాకముందు రెండు ప్రైవేటు కంపెనీల్లో చేసింది. రెండుచోట్లా నాలుగు నెలలు తిరక్కుండానే తీసేశారు. ఎందుకమ్మా అని అడిగితే, "బాగా చేస్తున్నావనే అన్నారండి గురువుగారూ. ఆ తర్వాత తీసేశారు" అంది. పట్టుబట్టి చదివి, పోటీ పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకుంది. ఈ మార్చి ముప్ఫై ఒకటికి రెండేళ్ళ ప్రొబేషను పూర్తవుతుంది. ఆలోగా డిప్యూటీ డైరెక్టరు గారు "సంతృప్తికరం" అని ఒక్క మాట రాస్తే ఉద్యోగం ఖాయం, రాయకపోతే ఇంటికే. ఇంట్లో ఆమె జీతం కోసం ఎదురుచూసే తల్లి ఒకావిడ ఉంది.

ఆమె పని చేసే పద్ధతి చెప్పాలి. గొడవంతా అక్కడే వచ్చింది కనుక.

ప్రభుత్వం ఆమెకొక ట్యాబ్ ఇచ్చింది. అద్దం మీద వేలు పెడితే వేలి కింద ఏముందో అది పైకి చదువుతుంది. కుడివైపుకు గీస్తే తర్వాతి వరుసలోకి వెళ్తుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. తెర మాత్రం ఎప్పుడూ నల్లగా ఉంటుంది. "నేనెలాగూ చూడను కదండీ, దీపం దండగ. ఛార్జింగ్ మిగుల్తాది, పక్కవాళ్ళు తొంగిచూడరు" అంది. ఇక అది చదివే వేగం ఉందే, తిరగల్లో పెసలు పోసి గబగబా తిప్పినట్టు ఉంటుంది. మనకు చప్పుడే గాని మాట వినబడదు.

చేరిన మొదటి రోజున అది విని నేను కంగారుపడ్డాను. "ఏ భాషమ్మా ఇది?"

"తెలుగేనండి గురువుగారూ. వేగం పెంచుకున్నాను, అంతే. మీరు కాగితం చూస్తే అక్షరం అక్షరం కూడబలుక్కుంటారేటండి? కన్ను పరిగెడతాది కదా. నాకు చెవి పరిగెడతాది."

వేగం తగ్గించి వినిపించింది కూడా. శుభ్రమైన తెలుగు. నేను సరేనని ఊరుకున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరికీ వినబడకపోను. కానీ అంతకు ముందు సంవత్సరం మా గుమాస్తా ఒకాయన వాటిలో క్రికెట్ కామెంటరీ వింటూ ఒక వితంతువు అర్జీ మీద "నాటౌట్" అని రాసి సంతకం పెట్టేశాడు. అప్పట్నుంచి ఆఫీసులో ఇయర్‌ఫోన్ల నిషేధం. కాబట్టి ఇందుమతి ట్యాబ్ పైకే మాట్లాడేది.

ఆమె రోజుకు నూట ముప్ఫై అర్జీలు తేల్చేది. మేమంతా మా పన్నెండూ కూడా ఆమెకే తోసేసి హాయిగా టీలు తాగాం. ఇరవై రెండు నెలలు ఎవరికీ ఆమె భాష మీద అనుమానం రాలేదు.

జనవరిలో డిప్యూటీ డైరెక్టరు త్రివిక్రమరావు గారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు. ఆకస్మికంగా వస్తున్నట్టు పదిహేను రోజుల ముందే కబురు పంపారు కాబట్టి అందరం ఇస్త్రీ బట్టలతో ఉన్నాం. ఆయన వరసగా బల్లలన్నీ చూస్తూ ఇందుమతి దగ్గర ఆగిపోయారు.

"పరికరం ఆపి ఉంది. ఈమె దాన్ని రుద్దుతోంది. ఎందుకు?"

"ఆపిలేదు సార్, తెర నల్లగా పెట్టుకుంది" అన్నాను.

అంతలో ట్యాబ్ ఒక అర్జీ మొత్తం మూడు సెకన్లలో చదివేసింది. ఆయన ఒకడుగు వెనక్కి వేశారు.

"ఏమిటా భాష?"

ఇందుమతి లేచి నిలబడింది. "తెలుగేనండి."

"నాకు తెలుగు వచ్చునమ్మా. నేను తెలుగు మీడియం. తెలుగైతే నాకు అర్థం కావాలి. నాకు అర్థం కాలేదు. అనగా అది తెలుగు కాదు."

ఇందుమతి నవ్వుతూ వేగం తగ్గించింది. ట్యాబ్ నిదానంగా, "అర్జీదారు పేరు, సూరమ్మ. ఊరు, కుమ్మరి వీధి" అంది.

"ఇది తెలుగు" అన్నారు ఆయన. "ఇందాకటిది కాదు. చూశావా సన్యాసిరావూ, పరికరానికి తెలుగు వచ్చు. వచ్చి కూడా మాట్లాడడం లేదు. ఇది ఉద్దేశపూర్వకం."

మూడో రోజున మెమో వచ్చింది. "అధికార భాష తెలుగు కాగా, సదరు ఉద్యోగిని గుర్తు తెలియని భాషలో విధులు నిర్వర్తించుచున్నట్లు గమనించడమైనది. ఇరువది రెండు నెలలుగా ప్రజల వినతులు ఏ భాషలో పరిష్కరింపబడినవో తేలవలసియున్నది." ఇందుమతి జవాబు రాసింది. వేగం తగ్గించుకునే పని చేస్తానంది, అర్జీలు తగ్గినా సరే అంది. దానికి సమాధానం ఇంకా త్వరగా వచ్చింది. "పరికరము యొక్క వేగము ఈ విచారణలో ప్రధాన సాక్ష్యము. సాక్ష్యమును మార్చుట నేరము. కావున విచారణ ముగియువరకు వేగము యథాతథముగా నుండవలెను." వేగాన్ని ఎవరూ మార్చకుండా ట్యాబ్ వెనక లక్కముద్ర కూడా వేసి వెళ్ళారు. వేగంగా చదివితే తప్పు, నిదానంగా చదివితే నేరం. ఆవిడ నావైపు తిరిగి, "మరి నేనేటి చెయ్యాలండి?" అంది. నేను నా బల్ల సొరుగు సర్దుకున్నాను. నాకు రిటైర్మెంటు ఏడాదిన్నరే ఉంది మరి.

భాషను గుర్తించడానికి ఏకసభ్య సంఘం వేశారు. ఆ సభ్యుడు ఆచార్య కూర్మనాథం గారు. ఆయనకు పద్దెనిమిది భాషలు వచ్చునంటారు. ఏ భాషలోనూ క్లుప్తంగా మాట్లాడడం రాదు. మా ఆఫీసులో రెండు రోజులు కూర్చుని, కళ్ళు మూసుకుని ట్యాబ్ విన్నారు. మధ్యలో ఒకసారి గుర్రు వినబడింది గాని అది ఏకాగ్రత అని మేమంతా ఒప్పుకున్నాం.

"ఈ భాషలో పదానికీ పదానికీ మధ్య ఊపిరి లేదు" అని ఆయన నిర్ధారించారు. "మన కుటుంబంలోని ఏ భాషకూ ఈ లక్షణం లేదు. ధాతువులు చూస్తే ఆంధ్రమూలమే. ఎప్పుడో ఏదో తొందర పని మీద విడిపోయిన శాఖ అయి ఉంటుంది. దీనికి త్వరితాంధ్రమని నామకరణం చేస్తున్నాను. దీన్ని అర్థం చేసుకోగలిగినవారు ఎందరున్నారు?"

"నాలాంటోళ్ళు వేలమంది ఉన్నారండి" అంది ఇందుమతి.

"ఈ కార్యాలయంలో?"

"నేనొక్కదాన్నే."

"ఒక్కరే!" ఆచార్యుల వారి కళ్ళు చెమర్చాయి. "అంతరించిపోతున్న భాష!"

ఆయన నివేదిక తొంభై పేజీలు. త్వరితాంధ్రంలో వెలువడే ప్రతి వాక్యాన్నీ లిఖితపూర్వకంగా తెలుగులోకి అనువదించాలని, నోటిమాట చెల్లదని సిఫారసు చేశారు. మూలానికీ అనువాదానికీ తేడా వస్తే అనువాద ప్రతే ప్రామాణికమని, దాన్ని ప్రశ్నించే అధికారం త్వరితాంధ్రం తెలిసినవారికి తప్ప ఎవరికీ లేదని కూడా రాశారు. డిప్యూటీ డైరెక్టరు గారు అన్నిటికీ ఆమోదముద్ర వేశారు. అనువాదకుడి పోస్టుకు త్వరితాంధ్రంలో పట్టభద్రులు కావాలని ప్రకటన ఇచ్చారు. ఎవరూ రాలేదు. ఇందుమతికి ఆ భాష వచ్చు కదా సార్ అని నేనే అన్నాను. "ముద్దాయినే సాక్షిగా పెట్టమంటావా?" అన్నారు. మర్నాడు ఆ బాధ్యత అదనంగా నాకు వచ్చింది.

మొదటి రోజున వచ్చిన మొదటి అర్జీ కుమ్మరి వీధి సూరమ్మదే. ఆమె ఇంటి పక్కన కరెంటు స్తంభం ఒరిగిపోతోంది, నిలబెట్టమని. ట్యాబ్ బరబరా చదివింది. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఏమందమ్మా?" అన్నాను ఇందుమతిని.

ఆమె చెప్పింది. నేను రాశాను. "త్వరితాంధ్రము నుండి అనువదించడమైనది" అని కింద సంతకం పెట్టాను. ఆ కాగితం డిప్యూటీ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి "చూసితిని" అని ముద్ర వేయించుకుని వచ్చింది. ఇప్పుడు దాన్ని నియమం ప్రకారం లిఖితపూర్వకంగా ఇందుమతికి అందజేయాలి. ఆమె కాగితం చదవలేదు. కాబట్టి టైపు చేయించి ఆమె ట్యాబ్‌లోకి ఎక్కించాం. ఆమె వేలు పెట్టింది. ట్యాబ్ దాన్ని త్వరితాంధ్రంలో చదివింది.

నేను పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకోబోయాను.

"గురువుగారూ" అంది ఇందుమతి మెల్లగా, "ఇప్పుడు చదివినదాన్ని కూడా అనువదించాలేమోనండి."

రూలు పుస్తకం తిరగేశాను. అనువదించాలి. అనువదించాను. రెండో ప్రతి ముద్రకు వెళ్ళి వచ్చింది, ట్యాబ్‌లోకి ఎక్కింది, ట్యాబ్ చదివింది, మూడో ప్రతి మొదలైంది. ఫిబ్రవరి నెలాఖరుకు సూరమ్మ అర్జీ పంతొమ్మిదో అనువాదంలో ఉంది. ఇంక ఏ అర్జీ కదల్లేదు. నేను పై అధికారికి విన్నవించుకున్నాను. "ప్రక్రియ సజావుగా సాగుచున్నందుకు సంతోషము" అని జవాబు వచ్చింది.

సూరమ్మ ప్రతి సోమవారం వచ్చేది. అరవై ఏళ్ళ మనిషి. చేతిలో ఒక పురికొస ఉండేది, స్తంభం ఎంత ఒరిగిందో దాంతో కొలిచి తెచ్చేది.

"ముందల జానెడు ఒరిగినాది బాబూ. ఇప్పుడు చూడండి, మూరెడు. వైర్లు మా పశువుల సాల పెంకుల మీద ఆనీసినాయి. నా ఆవు రేపో మాపో ఈనతాది. నాను ఏటి సెయ్యాల?"

"అనువాదంలో ఉందమ్మా" అన్నాను.

"అదెక్కడున్నాది బాబూ? నాను ఎల్లి అడుగుతాను."

ఇందుమతి ఆమె చెయ్యి పట్టుకుని ఆ పురికొసను వేళ్ళతో మొదట్నుంచి చివరిదాకా తడిమి చూసింది. మా ఆఫీసులో ఆ అర్జీని సరిగా చదివినది అప్పుడొక్కసారే. ఆ మధ్యాహ్నం తన సొంత ఫోనుతో కరెంటాఫీసుకు ఫోన్ చేసి బతిమాలింది. కాగితం లేనిదే లైన్‌మన్ కదలడన్నారు వాళ్ళు. కాగితం అనువాదంలో ఉంది.

మార్చి మొదటి వారంలో ఇంకో కబురు వచ్చింది. అంతరించిపోతున్న భాషల వారోత్సవాలు జరపాలని పైనుంచి ఉత్తర్వు. ఏ జిల్లాకు ఆ జిల్లా ఒక భాషను వెతుక్కుంటూ తంటాలు పడుతుంటే, మా జిల్లాకు రెడీమేడ్‌గా ఒకటి ఉంది. టౌన్ హాల్లో సభ పెట్టారు. "త్వరితాంధ్రానికి మిగిలిన ఏకైక వక్త" అని బ్యానరు కట్టి, ఇందుమతికి శాలువా కప్పారు. జ్ఞాపికగా ఒక వర్ణచిత్రం ఇచ్చారు. సూర్యోదయం బొమ్మ. "చూసి ఆనందించండి" అన్నారు ముఖ్య అతిథి.

మైకు ఇస్తే ఆమె, "నేను తెలుగే మాట్లాడతానండి. నా ట్యాబ్ చదివేదీ తెలుగే. నన్ను పని చేసుకోనిస్తే చాలండి" అంది.

హాలంతా చప్పట్లు. "ఎంత తొందరగా తెలుగు నేర్చుకుందో చూశారా" అన్నారు త్రివిక్రమరావు గారు పక్కాయనతో.

తర్వాత త్వరితాంధ్రంలో నాలుగు ముక్కలు వినిపించమన్నారు. లక్కముద్ర వేసిన ట్యాబ్‌లో తెరిచి ఉన్నది ఒకటే కాగితం. ఆమె వేలు పెట్టింది. మూడు సెకన్లు బరబరమంది. అనువాదకుణ్ణి వేదిక మీదికి పిలిచారు.

ఇక్కడొక చిత్రం జరిగింది. అప్పటికి ఆ అర్జీని నేను ఆ వేగంలో ముప్ఫైసార్లు పైగా విని ఉన్నాను. నాకు అర్థమైంది! ప్రతి మాటా విడివిడిగా వినబడింది. ఇందుమతిని అడక్కుండా, జీవితంలో మొదటిసారి నా పని నేను చేశాను.

"అయ్యా," అని మొదలుపెట్టాను మైకులో, "మా ఇంటి పక్క కరెంటు స్తంభం ఒరిగిపోతున్నది. వర్షం వస్తే పడిపోతుంది. కింద నా ఆవు ఉంది. నేను ఒంటరిదాన్ని. ఎవరైనా వచ్చి నిలబెట్టగలరు."

ముఖ్య అతిథి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇప్పుడే ఎవరో లేచి ఫోను తీసి కరెంటు శాఖను పిలుస్తారనుకున్నాను. ఆచార్య కూర్మనాథం గారు లేచారు.

"ఎంతటి కవిత! స్తంభం ఒరగడమంటే ఒక జాతి ఒరగడం. ఆవు మన సంస్కృతి. 'ఎవరైనా వచ్చి నిలబెట్టగలరు' అన్నచోట చూడండి, ఆ ఆశావాదం!"

చప్పట్లు ఆగలేదు. దాన్ని పలకమీద చెక్కించి ఆఫీసు గుమ్మంలో పెట్టాలని అక్కడికక్కడే తీర్మానించారు.

తర్వాతి సోమవారం సూరమ్మ పురికొస లేకుండా వచ్చింది.

"ఇంక కొలవక్కర్నేదు బాబూ. శనివారం వానకి పడిపోనాది. సాల మీద పడిపోనాది. ఆవు పోనాది, కడుపులో దూడా పోనాది." ఆమె ఏడవలేదు. గుమ్మం దగ్గర చతికిలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇందుమతి కుర్చీలోంచి లేచి తడుముకుంటూ వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. మేమంతా ఫైళ్ళలోకి తలలు దూర్చాం. నాకు సిగ్గుగా ఉంది. నలభై ఒక్క ప్రతుల కింద నలభై ఒక్కసార్లు సంతకం పెట్టినవాణ్ణి నేనే కదా.

మర్నాడు ఆ ఫైలు మీద డిప్యూటీ డైరెక్టరు గారి రాత వచ్చింది. "ఒరిగియున్న స్తంభము ప్రస్తుతము ఒరిగి లేదు. వినతి పరిష్కరింపబడినది. ఫైలు మూసివేయవచ్చును."

ఆ రాత చదివి నేను మధ్యాహ్నం క్యారేజీ తెరవలేదు. ముప్ఫై రెండేళ్ళలో అదే మొదటిసారి.

మార్చి ముప్ఫైన ఇందుమతి ప్రొబేషను ఉత్తర్వు వచ్చింది. "సదరు ఉద్యోగిని గడచిన రెండు నెలలలో పరిష్కరించిన వినతి ఒక్కటి. అదియు తనంతట తానే పరిష్కారమైనది. ఈమె సేవలు అసంతృప్తికరము. రేపటి నుండి విధుల నుండి తొలగించడమైనది. ఈ ఉత్తర్వును త్వరితాంధ్రము నుండి అనువదించి, ధ్రువీకరించి, సర్వీసు రిజిస్టరులో చేర్చవలెను."

ఉత్తర్వు నేరుగా ఆమె ట్యాబ్‌లోకే వచ్చింది. నేను పెన్ను, కాగితం పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె వేలు పెట్టింది. నాలుగు సెకన్లు. ఆమె మొహంలో ఏమీ మారలేదు. వేలు మాత్రం అద్దం మీదే ఉండిపోయింది.

అలవాటు కొద్దీ నా నోట్లోంచి వచ్చేసింది. "ఏమందమ్మా?"

"రాసుకోండి గురువుగారూ" అంది. గొంతు సర్దుకుని మొదలుపెట్టింది. విషయము, సూచిక, అన్నీ. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట మింగలేదు. తన తొలగింపు ఉత్తర్వును తానే నాకు చెప్పి రాయించింది. "అసంతృప్తికరము" అన్నచోట నేను ఆగిపోతే, "రాశారాండి?" అని అడిగింది.

"రాశానమ్మా" అన్నాను.

నేను రాసింది ఇది. "ఈమె సేవలు మిక్కిలి సంతృప్తికరము. రేపటి నుండి ఈమె ఉద్యోగము ఖాయపరచడమైనది. ఇకపై ఈమె తనకు నచ్చిన వేగములో, ఎవరి అనువాదమూ లేకుండా పని చేసుకొనవచ్చును. త్వరితాంధ్రము నుండి అనువదించడమైనది." సంతకం పెట్టాను.

త్రివిక్రమరావు గారు టీ వేళప్పుడు సంతకాలు పెడతారు. ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో పెన్ను. నా అనువాదాల మీద ఆయన అప్పటికి నలభై ఒక్కసార్లు "చూసితిని" ముద్ర వేశారు, ఒక్కటీ చూడలేదు. ఇది నలభై రెండోది. ముద్ర పడింది. రిజిస్టరులో చేరింది. జీతాల విభాగానికి ఒక ప్రతి, పై కార్యాలయానికి ఒక ప్రతి, ఇందుమతి ట్యాబ్‌లోకి ఒక ప్రతి వెళ్ళాయి.

ఏప్రిల్ ఐదున నన్ను పిలిపించారు. గదిలో ఆచార్య కూర్మనాథం గారు కూడా ఉన్నారు.

"ఏమిటయ్యా ఇది? నేను తొలగించమని రాశాను!"

"తెలుగులో రాశారు సార్. పరికరం త్వరితాంధ్రంలో చదివింది. నేను దాన్ని అనువదించాను."

"తొలగించడమైనది అన్నదాన్ని ఖాయపరచడమైనది అని అనువదిస్తారా ఎక్కడైనా?"

"తొలగించడం అన్న మాట ఆ భాషలో లేదు సార్."

ఆయన కుర్చీలోంచి లేచారు. "లేదని నీకెలా తెలుసు?"

"నేను అధికారిక అనువాదకుణ్ణి సార్. తేడా వస్తే అనువాద ప్రతే ప్రామాణికమని మీరే ఆమోదించారు. ఆ భాష తెలిసినవారు తప్ప ఎవరూ ప్రశ్నించకూడదు కూడా. ఆ భాష తెలిసినావిడ ఒక్కరే ఉన్నారు. ఆవిడ అభ్యంతరం చెప్పలేదు."

"అది వట్టి తెలు..." అని ఆయన సగంలో ఆగిపోయారు. గోడమీద వారోత్సవాల ఫోటో ఉంది. అందులో ఆయనే శాలువా కప్పుతున్నారు. ఆ భాష గురించి తెలిసిన మనిషి కదా అని ఆచార్యుల వారి వైపు చూశారు.

ఆచార్యుల వారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. త్వరితాంధ్రం లేకపోతే ఆయన తొంభై పేజీలు లేవు, పోయిన వారమే వచ్చిన బిరుదూ లేదు. "ఆశ్చర్యం లేదు" అన్నారు చివరికి. "అంతరించిపోతున్న భాషలో మనుషుల్ని తొలగించే మాట ఎందుకుంటుంది? మిగిలిందే ఒక్కరాయె."

త్రివిక్రమరావు గారు కూర్చున్నారు. నీళ్ళు తాగారు. నన్ను వెళ్ళమని చెయ్యి ఊపారు.

తిరిగి వచ్చేసరికి ఇందుమతి బల్ల ముందు అర్జీల వరస మళ్ళీ మొదలైంది. ట్యాబ్ వెనక లక్కముద్ర ఊడపీకేశారు. నేను ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, గదిలో జరిగిందంతా చెప్పాను. మెప్పు వస్తుందనే చెప్పాను, దాచుకోవడం ఎందుకు. ఆమె శ్రద్ధగా వింది.

"అనువాదం తప్పండి గురువుగారూ" అంది.

"తెలుసమ్మా."

"అది కాదండి. ఆ మాట లేదని చెప్పారు కదా. ఉందండి." ఆమె వేలు అద్దం మీద కదలకుండా ఉంది. "మొదటి కంపెనీలో ఒకసారి విన్నాను. రెండో కంపెనీలో ఒకసారి విన్నాను. మొన్న మీ ఎదురుగా మూడోసారి విన్నాను. ఎంత వేగంగా చదివినా ఆ ఒక్క మాటే నాకు నిదానంగా వినబడతాదండి."

గుమ్మం దగ్గర కొత్తగా పెట్టిన పలక మీద సూరమ్మ అర్జీ బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తోంది. దాన్ని దాటుకుంటూ సూరమ్మే లోపలికి వచ్చింది, కూలిన సాల గురించి కొత్త అర్జీ పెట్టడానికి. చదువు రాదు కాబట్టి పలక వైపు చూడలేదు.

ఇందుమతి కుడివైపుకు గీసి, వేగం ఇంకొంచెం పెంచి, "రండమ్మా, చెప్పండి" అంది.